నేటివ్ అంటే నేటి ఊరు

తాడేపల్లిగూడెం ఆఫీసులో స్టాంపు సిరా వాసనతో పాటే ఆ మాట మళ్ళీ నాకు ఎదురైంది: "మీ నేటివ్ ఏదండీ?"

కొల్లేరులో మా లంక మునిగిన ఏడాది ఏలూరు బడి వరండాలో తలదాచుకున్నాం. మునిగినవాళ్ళకు ఇళ్ళస్థలాలిస్తామని పేర్లు రాస్తున్న గుమస్తా నాన్నను అదే అడిగాడు. నాన్న గర్వంగా నన్ను ముందుకు తోశాడు.

"మావోడు మూడో తరగతండీ. ఆడు చెబుతాడు."

నేటివ్ అంటే నేటి ఊరనుకున్నాను. "ఏలూరండీ!" అన్నాను.

"ఏలూరోళ్ళకి వరదేంటయ్యా, స్థలమేంటయ్యా?" అంటూ గుమస్తా మా పేరు కొట్టేశాడు. నాన్న ఎంత బతిమాలినా వినలేదు.

నాన్న అద్దెకొంపలోనే పోయాడు. ఆ మాటకు మూలం పుట్టుక అని తరవాత నిఘంటువులో చూశాను. ‘పుట్టిన ఊరేది’ అనడానికి ఆ పెద్దమనిషికి నోరెందుకు రాలేదు? అలా అడిగుంటే నాన్నే చెప్పేవాడు.