అంచు అవతల కరెంటు స్తంభం

పొద్దున ఐదూ నలభైకి కర్నూలు బస్టాండులో నంద్యాల బస్సు ఎక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. సంచిలో కెమెరా, మంచినీళ్ల సీసా, చుట్ట చుట్టిన పాత క్యాలెండర్ ఒకటి. కొండలూ పొలాలూ ఫోటో తీయడానికి బయల్దేరేవాడు మామూలుగా హుషారుగా ఉంటాడు. నాకు ఆ హుషారు లేదు. నేను వెళ్తున్నది ఒక ఫోటో నా దగ్గర లేదని చెప్పడానికి.

సంగతి ఇది. రెండేళ్ల కిందట ఒక నవంబరు సాయంత్రం, ఆళ్లగడ్డ నుంచి కోయిలకుంట్ల వెళ్లే దారిలో ఒక పల్లె దగ్గర ఆగాను. శనగ చేను, దాని వెనక దూరంగా నల్లమల కొండలు బాగున్నాయి. చేను దావీదు అనే రైతుది. ఆయన చేను మూలన కరెంటు స్తంభం కింద, మోటారు స్టార్టరు డబ్బా దగ్గర నిలబడి ఉన్నాడు. ఫోటో తీసుకోవచ్చా అని దూరం నుంచే కేకేసి అడిగాను. "తీసుకోప్పా. నేనూ పడతానా?" అన్నాడు. "పడతారు" అన్నాను.

ఆ ఫోటో ఒక విత్తనాల దుకాణం వాళ్ల క్యాలెండర్‌లో అచ్చయింది. మర్యాదకు ఒక కాపీ ఆయనకు పోస్టులో పంపాను. అందులో ఆయన లేడు. నేనే కోసేశాను.

కిందటేడు దావీదు గుండెనొప్పితో పోయాడు. వారం కిందట ఆయన కూతురు ఎస్తేరు ఫోన్ చేసింది. ఆవిడ ప్రభుత్వ బడిలో టీచరు. తండ్రి సమాధికి ఆళ్లగడ్డలో రాయి చెక్కిస్తోంది. రాతి మీద ఆయన చేను, ఆ కొండలు, స్తంభం కింద ఆయన ఉండాలి. ఏడాది జ్ఞాపకార్థ కూడికకు రాయి నిలబెట్టాలి కాబట్టి శిల్పి సోమవారం ఉలి పట్టాలి. "పూర్తి ఫోటో ఒకటి ఉంటాది గదా సార్, నాయన పడింది. అది పట్టుకోని రాండి" అంది. "చూస్తానమ్మా" అన్నాను. నిజానికి చూడటానికేమీ లేదు. దుకాణం వాళ్లు బాగుందన్న రోజే, డిస్కులో చోటు చాలడం లేదని అసలు ఫైళ్లన్నీ చెరిపేశాను. ఆ మాట ఫోన్‌లో చెప్పడానికి నోరు రాలేదు. కనీసం స్తంభమైనా అక్కడే ఉంటుంది, మళ్లీ తీసి ఇద్దామని శనివారం పొద్దున్నే ఈ బస్సు పట్టుకున్నాను.

ఓర్వకల్లు రాళ్లగుట్టలు దాటేసరికి బాగా తెల్లవారింది. అక్కడ ఎక్కి నా పక్కన కూర్చున్న పెద్దాయన, సంచిలోంచి తీసి నేను ఒళ్లో విప్పుకున్న క్యాలెండర్ వైపు కాసేపు చూశాడు.

"యాడిదప్పా ఇది?"

"ఆళ్లగడ్డ దగ్గర."

"ఆడ ఎర్రమన్ను యాడుంటాది? అదంతా రేగడి గదా." ఇంకాస్త వంగి చూశాడు. "చేనికి ఎండు తెగులు గూడా పట్టినట్టుందే. పైరు మంచిగున్నప్పుడు తియ్యగూడదా?"

ఆ రంగు తెగులుది కాదనీ, నాదేననీ చెప్పలేదు. ఆయన పాణ్యంలో దిగిపోయాడు.

ఏడూ ముప్పై అయిదుకు నంద్యాల. బస్టాండు ఎదురుగా ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. వేడిగా, బాగా ఉన్నాయి. ఆళ్లగడ్డ బస్సు ఎనిమిదింబావుకని చెప్పారు, ఎనిమిదిన్నరకు వచ్చింది. ఈలోపు బల్ల మీద క్యాలెండర్ విప్పి, నేను చేసిన పనులన్నీ ఒక్కొక్కటిగా లెక్క చూసుకున్నాను. ఇది చదివేవాళ్లలో ఫోటోలు దిద్దే అలవాటున్నవాళ్లు ఉండొచ్చు గనక ఆ వివరాలు రాస్తాను.

అసలు ఫోటోలో ఎడమవైపు పావు వంతు చిందరవందరగా ఉంది. స్తంభం, తీగలు, స్టార్టరు డబ్బా, నీలం పైపు, ఒక మనిషి. కుడివైపు శనగ సాళ్లు తిన్నగా వెళ్లి కొండల మధ్య పల్లంలో కలుస్తున్నాయి. కన్ను ఆ సాళ్ల వెంబడి నడవాలంటే ఎడమవైపు పోవాలి. కోశాను. కొండల వరుస బొమ్మకు సరిగ్గా నడుమన ఉండి చప్పగా అనిపించింది. ఆకాశం పైనుంచి కాస్త కోసి కొండల్ని పైకి జరిపాను. ఒక తీగ ముక్క ఇంకా మిగిలితే తుడిచేశాను. తర్వాత రంగు. సాయంత్రపు ఎండ చాలినంత లేదు. బొమ్మ మొత్తాన్ని పసుపు వైపు జరిపాను. నల్లమట్టి గోధుమరంగుకు వచ్చింది. దుకాణం యజమాని చూసి "రాయలసీమ అంటే ఎర్రగా ఉండాలి కదండీ" అన్నాడు. ఇంకాస్త ఎర్రబరిచాను. ఆకుల పచ్చదనం ఆ దెబ్బకే వాడిపోయింది. నేల మెరవాలని కొండల్ని నల్లబరిచాను. దేనికది విడిగా చూస్తే ఏదీ తప్పు కాదు. ఇప్పటికీ నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు ఇవే చెబుతాను.

తొమ్మిదీ నలభైకి ఆళ్లగడ్డలో దిగాను. శిల్పుల షెడ్లు వెతకనక్కర్లేదు, గ్రైండరు చప్పుడు వెంట నడిస్తే చాలు. రోడ్డు పక్కన సగం చెక్కిన దేవుళ్లు, పూర్తయిన నాయకులు, ఎవరూ తీసుకెళ్లని సింహాలు వరసగా నిలబడి ఉంటాయి. అన్నిటి మీదా తెల్లటి దుమ్ము.

ఎస్తేరు చెప్పిన శిల్పి వీరాచారి. ఆయన షెడ్డు మూడోది. యాభై దాటిన మనిషి, ముక్కుకు తువాలు కట్టుకుని ఉన్నాడు. ఎస్తేరు అప్పటికే స్కూటర్ మీద వచ్చి స్టూలు మీద కూర్చుని ఉంది. మధ్యలో బల్ల మీద నల్లరాతి పలక. విత్తనాల దుకాణంలో అడిగి తెచ్చుకున్న క్యాలెండర్ చూసి, దాని మీద ఎర్రటి జాజుతో నా ఫోటో గీశాడు. ఎడమవైపు ఖాళీ వదిలాడు.

"రాండి సార్. మీ కోసమే ఆపినా" అన్నాడు వీరాచారి. "గుళ్లోకి దేవుళ్లను చెక్కినా, నాయకులను చెక్కినా. కరెంటు స్తంభం మాత్రం ఇదే మొదలు."

ఇక లాభం లేదని నిలబడే చెప్పేశాను. "అమ్మా, పూర్తి ఫోటో లేదు. చెరిపేశాను."

"లేదంటే, యాడా లేదా?"

"ఎక్కడా లేదు."

ఎస్తేరు పలక మీది ఖాళీ వైపు చూసింది. "ఆ మాట ఫోన్లోనే చెప్పొచ్చు గదా సార్. ఈ వారమంతా వేరే దోవ చూసుకుందుము."

పోనీలెండి అనలేదు. అంటుందని నేనూ ఆశపడలేదు. ఆవిడ దగ్గర తండ్రివి ఉన్నవి ఆధార్ కార్డు మీదిది, రేషన్ కార్డు మీదిది, అంతే. రెండింట్లోనూ ఎవరో అరెస్టు చేసినట్టు ఉంటాడట. చేలో నిలబడి ఉన్న దావీదు లోకంలో ఒక్క నా కెమెరాలోనే పడ్డాడు.

వీరాచారి జాజు గీతలు చూపించాడు. "మా పని ఇట్ల కాదు సార్. గీసినంక మూడు దినాలు రోడ్డు పక్కన పెడతా. పొయ్యేటోళ్లు వచ్చేటోళ్లు చూస్తారు, యాడ తప్పుందో చెప్తారు. ఆ తర్వాతనే ఉలి. రాలిన ముక్క మళ్లా అతకదు గదా." ఈ పలక కూడా రెండు రోజులు బయట ఉంచి, ఈ పొద్దునే లోపలికి తెచ్చాడట. చూసినవాళ్లంతా ఒకటే అడిగారట, మనిషేడీ అని.

ఆయనకు ఇంకో చిక్కు ఉంది. రాతిలో రంగులు రెండే. నునుపు చేసిన చోట నలుపు, ఉలి పడిన చోట బూడిద. నా ఫోటోలో కొండలు నల్లగా, నేల వెలుగుతూ ఉన్నాయి కాబట్టి కొండల్ని నునుపు చేసి నేలను ఉలితో చెక్కుదామనుకున్నాడు. ఎస్తేరు కాదంటోంది. "మా మన్ను నల్లది మామా. దాన్ని బూడిద చేస్తే ఎట్ల?" అంటోంది. ఆ జవాబు కూడా నా అసలు ఫోటోలోనే ఉండాలి.

తర్వాత ఎస్తేరు కొంచెం ఇబ్బందిగా అంది. "ఇంట్లో గోడ మీద నాయన గీసుకున్నది ఒకటుంది. చిన్నపిల్లోళ్లు గీసినట్టుంటాది, అందుకే చెప్పల్యా. పనికొస్తాదేమో చూస్తావా మామా?"

పదీ యాభైకి ఆటో మాట్లాడుకున్నాం. ఎస్తేరు స్కూటర్ మీద ముందు, మేమిద్దరం వెనక. ఊరి పేరు రాయొద్దంది ఎస్తేరు, రాయడం లేదు. అరగంట ప్రయాణం. రోడ్డుకు రెండు పక్కలా రేగడి, ఈ ఏడు కూడా శనగే.

రెండు గదుల ఇల్లు, లేత నీలం సున్నం. ముందు గదిలో బైబిలు వాక్యం రాసిన పటం పక్కన నా క్యాలెండర్ ఇంకా వేలాడుతోంది. నేను ముందు చూసింది దాన్ని కాదు, దాని ఎడమ పక్క గోడను.

బొగ్గుతో నిలువుగా ఒక గీత. పైన అడ్డంగా రెండు కట్టెలు, వాటి మీద చుక్కలు. కింద ఒక డబ్బా. డబ్బా వైపు చెయ్యెత్తి బొటనవేలంత మనిషి. అంతటితో ఆగలేదు. నేను కోసిన చోట తెగిన శనగ సాళ్లను ఆయన ఒక్కొక్కటే అందుకుని గోడ మీదికి పొడిగించాడు. కాగితం మీది సాలు అంచు దగ్గర ఆగితే, గోడ మీది సాలు అక్కడే మొదలవుతోంది. ఒక్కటీ తప్పలేదు. స్తంభం దూరం కూడా సరిగ్గా అంతే. నాకు గుర్తుంది, కోసింది నేనే కదా.

"వచ్చినోళ్లకంతా చూపించేటోడు" అంది ఎస్తేరు. "నేను ఈడుండా, కాగితంలో జాగా చాల్లేదంట అని. ఆ లైను కోసం ఎన్నేండ్లు తిరిగినాడో సార్. మా కాలనీలో చేనికి కరెంటు వచ్చింది మొదలు మాకే."

జాగా చాలలేదని నేను ఆయనతో ఎన్నడూ అనలేదు. నా తరఫున ఆయనే చెప్పుకున్నాడు.

క్యాలెండర్ మీద నేల భాగం మసకగా, నల్లగా ఉంది. అచ్చు రంగు కాదు. ఏమిటని అడిగాను.

"చేన్లో మన్నే. ఇది మన మన్ను కాదని తడి చేసి బొటనవేలితో రుద్దినాడు. ఏందీ నాయనా, క్యాలెండరు పాడు చేస్తాండావని నేను అరిస్తి." ఆవిడ క్యాలెండర్ అంచు సరిచేసింది. "ఇప్పుడు చూస్తే అదే నిజం."

వీరాచారి గోడకు దగ్గరగా వెళ్లి చాలాసేపు చూశాడు. "చెయ్యి తిరిగినోడు" అన్నాడు. సంచిలోంచి పల్చటి కాగితం తీసి గోడకు అతికించి పెన్సిలుతో గీతలు ఎక్కించుకున్నాడు. నేల నునుపు, కొండలు ఉలి అని తనలో తాను చెప్పుకున్నాడు.

ఒంటిగంటకు జొన్నరొట్టె, చెనిక్కాయల పచ్చడి పెట్టింది ఎస్తేరు. తినకుండా పోనివ్వలేదు గానీ, నాతో పెద్దగా మాట్లాడలేదు కూడా. రెండింటికి చేను చూశాం. స్తంభం అక్కడే ఉంది, కొంచెం వాలింది. మధ్యాహ్నపు ఎండకు కొండలు నిజంగానే బూడిద రంగులో ఉన్నాయి. వీరాచారి స్టార్టరు డబ్బా దగ్గర నిలబడి చెయ్యెత్తితే, నాయన ఇంకో జానెడు పొట్టి అని ఎస్తేరు సరిచేసింది. నేను ఫోటో తీశాను. ఫోటోల కోసం వచ్చేవాళ్లకు ఒక మాట: కొండల మీద ఫోటోకు పనికొచ్చే ఎండ పడేది సాయంత్రం నాలుగు తర్వాతే, మిట్టమధ్యాహ్నం వస్తే మాలాగే అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూడాలి.

మూడున్నరకు తిరిగి షెడ్డుకు చేరాం. వీరాచారి తడిగుడ్డతో పాత జాజు తుడిచి కొత్తగా గీశాడు. సాళ్లు, కొండలు, స్తంభం, మనిషి. ఇక చుట్టూ అంచు గీత మిగిలింది. అంచును ఎడమకు జరిపితే స్తంభం కూడా లోపలికి వచ్చేస్తుందని సలహా ఇచ్చాను. నాకు తోచిన ప్రాయశ్చిత్తం అది.

"వద్దు" అంది ఎస్తేరు. "ఫోటో యాడి దాకా ఉండాదో గీత ఆడనే పెట్టు మామా. స్తంభమూ నాయనా బయటుండనీ. సాళ్లు గీత దాటి పోనీ. నాయన అట్లనే గీసినాడు."

"చూసినోళ్లు అడుగుతారు గదమ్మా, గీత బయట ఎందుకున్నాడని" అన్నాడు వీరాచారి.

"అడగనీ. నేను చెప్తా."

ఏం చెబుతుందో నేను అడగలేదు. వీరాచారి గీత పెట్టాడు. పలకను ఇద్దరం పట్టి రోడ్డు పక్కన నిలబెట్టాం. సోమవారం దాకా అక్కడే ఉంటుంది.

నాలుగూ నలభైకి ఆళ్లగడ్డలో బస్సు, ఆరు కాకముందే నంద్యాల. కర్నూలు బస్సులో కిటికీ సీటు దొరకలేదు. ప్రయాణం మొత్తమ్మీద సుఖంగానే జరిగింది, బస్సులు దొరికాయి, తిండి బాగుంది. వెళ్లిన పని కూడా నెరవేరింది, కాకపోతే నెరవేర్చింది నేను కాదు. ఇరవై ఏళ్లుగా అంచు ఎక్కడ పెట్టాలో చూడటమే నా పని. అంచు అవతల ఉన్నవాడు ఏం చేస్తుంటాడో ఎన్నడూ ఆలోచించలేదు. సిగ్గుగా ఉంది.

క్యాలెండర్ ఒళ్లో విప్పుకున్నాను. నా కాపీ శుభ్రంగా ఉంది, ఎర్రగా ఉంది. దాని ఎడమ అంచు పక్కన, నా ప్యాంటు మీద, వేలితో నిలువుగా ఒక గీత గీశాను. పైన అడ్డంగా రెండు.

పక్క సీటాయన తువాలు సర్దుకుంటూ చూశాడు. "ఏందప్పా గీస్తాండావు?"

"కరెంటు స్తంభం."

ఆయన ఒక్కసారిగా నా వైపు తిరిగి కూర్చున్నాడు. "ఓ, కరెంటు డిపార్టుమెంటా! మూడేండ్ల నుంచి తిరుగుతాండా సార్. మా చేనికెప్పుడు ఏస్తారు?"