ఆగస్టులో గెలిస్తే తిట్టే గురప్ప

బాగా చేసినవాళ్లను పట్టుకుని తిట్టే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. మా తాడిపత్రిలోనే ఉన్నాడు. పేరు గురప్ప. బండల పాలిష్ ఫ్యాక్టరీలో మేస్త్రీ, సాయంత్రం పూట పిల్లలకు స్కేటింగ్ మాస్టరు. ఓడిపోయి వచ్చిన పిల్లకు జేబులోంచి బెల్లం ముక్క తీసి పెడతాడు. గెలిచి వచ్చిన పిల్లను నిలబెట్టి చెడామడా వాయిస్తాడు. గెలిచిన నెల డిసెంబరైతే ఏదో వదిలేస్తాడు గానీ, ఆగస్టైతే మాత్రం ఆ పిల్లతో పాటు కన్న తల్లిదండ్రులకూ తిట్లు తప్పవు. ఇదేం న్యాయం, చెప్పండి!

స్కేటింగంటే పరుగు పందెం అనుకునేరు. కాదు. కాళ్లకు చక్రాల బూట్లు బిగించుకుని, పాటకు తగ్గట్టు జారుతూ, గిరగిరా తిరుగుతూ, గాల్లోకి ఎగిరి మళ్లీ నేల మీద తూలకుండా నిలబడాలి. ఎదురుగా జడ్జీలు కూర్చుని మార్కులు వేస్తారు. దీన్ని ఫిగర్ స్కేటింగ్ అంటారు. అసలైతే మంచు మీద ఆడాలట. తాడిపత్రిలో మంచు కావాలంటే సోడా బండి మీద గోనెసంచి ఎత్తి చూడాలి. అందుకని మాకు చక్రాలే గతి. గురప్ప వయసులో ఉన్నప్పుడు బెంగళూరులో ఒక స్కేటింగ్ హాల్లో బూట్లకు చక్రాలు బిగించే పని చేసి, చూసీ చూసీ ఆ ఆట నేర్చుకున్నాడు. ఊరికి తిరిగొచ్చి పాలిష్ పనిలో చేరాక, ఫ్యాక్టరీ వెనక షెడ్డులో నున్నటి నాపరాళ్లు పరిచిన నేల ఆయన కంట పడింది. యజమానిని బతిమాలి సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా అక్కడే క్లాసు పెట్టేశాడు.

ఈ పోటీలకు ఒక వరస ఉంది. ఆగస్టులో అనంతపురంలో జిల్లా పోటీ. అందులో నెగ్గినవాళ్లకు డిసెంబరులో రాష్ట్ర పోటీ. గురప్ప సిద్ధాంతం ఏమిటంటే, ఎంతటి ఆటగాడికైనా ఏడాదికి ఒక్క పూతే. అది ఆగస్టులో పూసేస్తే డిసెంబరుకు కట్టెపుల్లలు మిగులుతాయి. పాలిష్ పనిలో బండను మొదట గరుకు రాయితో అరగదీస్తారు. తర్వాత కాస్త సన్నరాయి, ఆ తర్వాత ఇంకా సన్నరాయి, ఇలా నంబరు వరసన రాళ్లు మారిస్తే గాని మెరుపు రాదు. పిల్లలకూ ఆయన అదే లెక్క కట్టాడు.

"రెండో నంబరు రాయి మీద ఉండావు, కడాఖరు మెరుపు నీకిప్పుడే ఎందుకు మ్మే?" అని జూలైలో ఎవరైనా చక్కగా తిరిగితే గదమాయించేవాడు. బాగా చేసినందుకు ఏడ్చుకుంటూ ఇంటికొచ్చిన పిల్లలను ప్రపంచంలో మా ఊళ్లోనే చూడాలి.

పోనీ, ఈ పిచ్చి ఆట వరకే ఉందా అంటే అదీ లేదు. భార్య మారెమ్మ ఊరగాయ పెట్టిన మూడో రోజే వడ్డిస్తే, ఒక ముద్ద తిని కంచం పక్కకు నెట్టాడట.

"ఇంత రుచి ఇప్పుడే వచ్చేసిందే! ఇంగ కార్తీకానికి ఏం మిగులుతాది?"

"కార్తీకంలో వట్టి కారం పోసుకొని తిందువులే. ఇప్పుడు నోరు మూసుకొని తిను," అంది మారెమ్మ. ఆ ఇంట్లో తెలివైన మనిషి ఆమె ఒక్కతే.

మా పెద్దవాడు వంశీకృష్ణ పదో తరగతిలో క్వార్టర్లీ పరీక్షలకు ఫస్టొచ్చాడు. మా బట్టల అంగడి ముందు సైకిలు దిగీ దిగకముందే గురప్ప మొదలెట్టాడు.

"ఏం రామకృష్ణన్నా, నువ్వు చదువుకున్నోడివేనా? క్వార్టర్లీలోనే ఫస్టొస్తే పబ్లిక్‌కు ఏం పెట్టుకుంటాడు? వాణ్ణి కొంచెం ఆపు."

"చదివే పిల్లోణ్ణి ఆపేది యాడన్నా ఉండాదా అప్పా?"

"ఉండాల. లేకపోతే నువ్వన్నా మొదలుపెట్టు."

ఒక ఏడు మే నెలలో పెద్ద వాన కురిసింది. ఊరంతా వీధుల్లోకొచ్చి తడుస్తుంటే ఈయన ఆకాశం వైపు వేలు చూపించి తిట్టాడు. "ఇప్పుడెవురు పడమన్నారు నిన్ను? రేపు శెనక్కాయ ఊడలు దిగేటప్పుడు యాడ పోయి దాక్కుంటావు?" ఈ ఒక్క తిట్టులో మాత్రం జిల్లా మొత్తం ఆయన పక్షమే.

ఇక నా కడుపు మంట చెబుతాను. 2004లో మా అమ్మాయి సుష్మిత ఎనిమిదో తరగతి, స్కేటింగ్ గురప్ప దగ్గరే. ఆ ఏడు ఆగస్టులో అనంతపురంలో అది ఆడిన ఆట చూసి జనం లేచి నిలబడ్డారు. ఒంటికాలి మీద మూడు చుట్లు తిరిగి, ఎగిరి, పూవు రాలినంత మెత్తగా దిగింది. ఫస్టు! నేను ఈల వేశాను. నాకు ఈల వచ్చని అంతవరకూ నాకే తెలియదు. పక్కకు తిరిగి చూస్తే గురప్ప రెండు చేతులతో తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైందప్పా?"

"ఏం కావాలన్నా ఇంగ? అంతా అయిపోయినాది. డిసెంబరుకు దాచుకోవాల్సింది ఈ పొద్దే ఖర్చు పెట్టేసినాది మీ పాప."

తిరుగు ప్రయాణంలో తాడిపత్రి బస్టాండు వచ్చేదాకా అదే పాట. కప్పు ఒళ్లో పెట్టుకుని ఆ పిల్ల తప్పు చేసినట్టు కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ మంటలో నేను చేయాల్సినవన్నీ చేశాను. కప్పును అంగట్లో చీరల బీరువా మీద పెట్టాను. మా వర్తక సంఘంవాళ్లు సన్మానం చేశారు, సుష్మిత ఆడి చూపించింది. స్కూల్లో ఆడింది. వినాయక చవితి పందిట్లో చెక్కలు కొట్టిన స్టేజీ మీద, చక్రాలు సందుల్లో ఇరుక్కుంటుంటే ఆడింది. జాకెట్టు గుడ్డకు వచ్చినవాళ్లు కూడా, "పాపా, ఆ మూడు చుట్లు ఒక్కసారి తిరుగు చూస్తాం" అనేవాళ్లు. నేను బల్ల పక్కకు జరిపించేవాణ్ణి. నా బిడ్డ గొప్ప నేను చెప్పుకోకపోతే ఎవరు చెబుతారు?

సెప్టెంబరు ఆఖరుకు సుష్మిత పడటం మొదలైంది. ఆగస్టులో నిద్రలో కూడా చేయగలిగిన గెంతు ఇప్పుడు పదిసార్లు ఎగిరితే తొమ్మిదిసార్లు పడేది. ఊరికి నోరు లేచింది. "ఏమన్నా, పాప మళ్లీ పడిందంటనే?" అని అడగనివాడు పాపాత్ముడు. ఒకరోజు ఆ పిల్ల చక్రాల బూట్లు గోనెసంచిలో మూటగట్టి మంచం కిందకు తోసేసింది.

"నేను ఇంగ ఆడను నాయనా. డిసెంబరుకు కూడా పోను."

ఎంత చెప్పినా వినలేదు. రాష్ట్ర పోటీ సంగతి దేవుడెరుగు, అసలు ఆ పిల్ల ఆటే మానేస్తుందని నాకు భయం పట్టుకుంది. దానికి ఏడేళ్లప్పటి నుంచి నడవడం కన్నా జారడమే ఎక్కువ ఇష్టం.

ఇలాంటి సమయంలో గురువనేవాడు ఏం చేయాలి? ధైర్యం చెప్పాలి. ఈ మహానుభావుడు ఏం చేశాడో తెలుసా? సైకిలేసుకుని బజారంతా అంగడి అంగడికీ తిరిగి దండోరా వేశాడు.

"రామకృష్ణయ్య కూతురా? ఆ పాప పని ఆగస్టులోనే అయిపోయినాది. ఇంగ పిలవొద్దండి. పిలిస్తే పడి మీ స్టేజీ ఇరగ్గొడుతాది."

దసరా ఉత్సవాల పెద్ద రంగన్న సుష్మిత ఆటను పదో రోజు ముఖ్యాంశంగా పెట్టుకున్నాడు. ఈ మాట విని దాన్ని తీసేసి కోలాటం పెట్టించాడు. నా బిడ్డ స్థానంలో కోలాటం! అంగడి తెరిచినది తెరిచినట్టే వదిలేసి ఫ్యాక్టరీకి పోయాను. మిషన్ల మోతలో ఇద్దరం అరుచుకున్నాం.

"ఏమప్పా గురప్పా, నా బిడ్డ పరువు తీస్తాండావంటనే!"

"తీసినా. ఇంగా కొంచెం మిగిలుండాది. రేపు పోయి అది కూడా తీస్తా."

"నీకు మనసనేది ఉండాదా?"

"డిసెంబరులో అడుగన్నా, చెప్తా."

ఆ రోజుతో మాటలు బంద్. ఇక ఆ మనిషి క్లాసుకు పిల్లను పంపేదే లేదని నిర్ణయించుకుని ఇంటికొచ్చాను. చూస్తే సుష్మిత మంచం కింద నుంచి మూట లాగి, బూట్ల దుమ్ము తుడుస్తోంది. మర్నాటి నుంచి షెడ్డుకు పోసాగింది. రోషం గల పిల్ల, ఆ మనిషి మాట అబద్ధం చేయడానికే పోతోందనుకుని నేను అడ్డం చెప్పలేదు. గురప్ప షెడ్డు వాకిలికి గోనె పరదా దించి తల్లిదండ్రులను గడప తొక్కనివ్వలేదు. రెండు నెలలు లోపల ఏం జరిగిందో నాకు తెలియదు. ఊళ్లో ఎవరూ అడగనూ లేదు. అయిపోయిన పిల్ల గురించి ఎవరు అడుగుతారు?

డిసెంబరులో విశాఖపట్నం పోయాం. రైల్లో గురప్పకు దూరంగా, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. మా ఆవిడ కట్టిచ్చిన చిత్రాన్నం ఆయనకు ఒక్క మెతుకు పెట్టలేదు. సుష్మితే నా కళ్ల ముందు పొట్లం సగం చేసి తీసుకుపోయి ఇచ్చింది. ఆయన సిగ్గు లేకుండా తిన్నాడు.

పోటీలో మావాళ్లు చప్పట్లు కొట్టడానికి ఎవరూ రాలేదు. పాట మొదలైంది. సుష్మిత జనం వైపు చూడలేదు, జడ్జీల వైపు చూడలేదు. తన ఇంటి నడవలో తిరిగినట్టు తిరిగింది. ఎగిరింది. దిగింది. మూడు చుట్లు అనుకుంటే నాలుగోది కూడా తిరిగి, తనకు తానే నవ్వుకుంది. రాష్ట్రంలో మూడో స్థానం వచ్చింది. నేను ఈ తడవ ఈల వేయలేదు, నేరుగా దాని దగ్గరికి పరుగెత్తాను.

"ఎట్ల చేసినావే?" అని అడిగాను.

"దసరా ముందర సార్ దగ్గర ఏడ్చినా నాయనా. అందురూ నేను ఎప్పుడు తిరుగుతానా, ఎప్పుడు పడతానా అని చూస్తాండారు, నాకు భయమైతాంది అన్నా. సార్ ఏమన్నాడంటే, 'ఒక్కరు కూడా నీ తట్టు చూడకుండా నేను చేస్తా. నీ పేరు కొంచెం చెడగొట్టాల్సి వస్తాది, చెడగొట్టేదా?' అని నన్నే అడిగినాడు. నేను చెడగొట్టు సార్ అన్నా."

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు అంగట్లో చెప్పేస్తావు గదా నాయనా."

అది నిజం. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. నేను ఫ్యాక్టరీకి పోయి అరిచినా, మాటలు మానేసినా, ఆ మనిషి ఒక్క ముక్క బయటపెట్టలేదు. బయట టీ బంకు దగ్గర ఆయన్ను పట్టుకున్నాను.

"తప్పైపోయినాది గురప్పా. మన్నించు."

"అది తర్వాత. ఊరికి పోయి ఏం చెప్తావు, అది చెప్పు."

"ఏముండాది? మా పాప రాష్ట్రంలోనే మూడో..."

"చూడు! మళ్లా మొదలుపెడితివి. మళ్లా సన్మానం, మళ్లా స్టేజీ, మళ్లా పాపకు భయం. అదేం వద్దు. నన్ను తిట్టు."

"ఏమని తిట్టేదప్పా?"

"ఫస్టు రావాల్సిన పాపను గురప్ప గాడు చెడగొట్టినాడని తిట్టు. నీకు నోరు బాగనే ఉండాది గదా."

తిట్టాను. ఊరికి వచ్చిన మర్నాడు అంగడి ముందు నిలబడి నాలుగు వీధులకు వినిపించేలా తిట్టాను. జనం అయ్యో పాపం అన్నారు. సన్మానం మాట ఎవరూ ఎత్తలేదు. అంతా అనుకున్నట్టే జరిగేది. కానీ మారెమ్మ సంగతి మేమిద్దరం మరిచిపోయాం. భర్తను అంటే ఊరుకునే మనిషి కాదు. కొంగు బిగించుకుని బజారు మధ్యకొచ్చి నిలబడింది.

"ఏమన్నా, మా ఆయన చెడగొట్టినాడా? రాష్ట్రంలో మూడోది వస్తే తక్కువనా? పరదా సందులోంచి నేను రోజూ చూస్తాండా. ఆ పాప ఎంత బాగా ఆడుతాదో చెప్తా, అందురూ ఇనండి..."

జనం చెవులు రిక్కించారు. రంగన్న అయితే రెండడుగులు ముందుకొచ్చాడు. ఇంకొక్క మాట అంటే మళ్లీ సన్మానం, మళ్లీ స్టేజీ!

"ఆడదు!" అని అరిచాను. "ఏమీ ఆడదు! నా కూతురికి ఏమీ రాదు! పోండప్పా, పోయి మీ పనులు చూసుకోండి!"

నా బిడ్డ గురించి నా నోటితో అంత మాట అనడం అదే మొదటిసారి. అంగడి లోపల చీర మడతల వెనక కూర్చున్న సుష్మిత, నోటికి వోణీ అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వుతోంది.