పెనుకొండలో కరిగిన డ్రమ్ము

మొన్న మంగళవారం బడిలో మొదటి పీరియడు నడుస్తుండగా ఫోను వచ్చింది. మా బ్యాండు డ్రమ్మర్ పోయాడు. ఫ్యాక్టరీకి వెళ్లడానికి బండి బయటికి తీస్తూ వాకిట్లోనే కూలిపోయాడట. ఆసుపత్రికి చేర్చేసరికే ఊపిరి లేదు. యాభై కూడా నిండలేదు. ఫోను చేసిన మా గిటారిస్టు ఆ మాట రెండుసార్లు చెప్పాడు, రెండుసార్లూ నేను "ఎవరు?" అనే అడిగాను. తర్వాత బోర్డు మీద సగంలో ఉన్న భాగహారం లెక్క పూర్తి చేసి మరీ బయటికొచ్చాను. ఎందుకు పూర్తి చేశానో ఇప్పటికీ తెలియదు.

నేను హిందూపురంలో లెక్కల టీచర్‌ని. ఆదివారం చర్చిలో పాడతాను, వీలైన సాయంత్రాల్లో మా రాక్ బ్యాండులో పాడతాను. హిందూపురంలో రాక్ బ్యాండేమిటని నవ్వేవాళ్లు ఇంకా ఉన్నారు. నవ్వుకోనీ. నలుగురం మేము: పాటకు నేను, గిటార్లకు ఇద్దరు అన్నదమ్ములు, డ్రమ్ములకు ఆయన. నాకంటే పన్నెండేళ్లు పెద్ద కాబట్టి అన్నా అని పిలిచేదాన్ని. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. పదకొండేళ్లలో ఆయన నా మీద ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు, అందుకు కూడా నాకు కోపం వచ్చేది.

షో ఉన్న రోజు అన్నం ముట్టేవాడు కాదు. గుప్పెడు బొరుగులు, ఒక పచ్చిమిరపకాయ, అంతే. స్టూలు మీద పాత తువ్వాలు నాలుగు మడతలేసి కూర్చునేవాడు. అందరూ ఇంగ్లీషులో లెక్కపెట్టి పాట మొదలుపెడితే ఈయన మాత్రం "ఒగటి, రెండు, మూడు, నాలుగు" అనేవాడు. కుర్ర డ్రమ్మర్లు ఎవరైనా వచ్చి వేగం చూపిస్తే ఓపిగ్గా విని, "బాగుండాదప్పా. ఇంగ ఆగేది నేర్చుకో" అనేవాడు. నాతో ఒకసారి అన్నాడు: "పాటకు ఇల్లు కట్టేది నా పనిమ్మా. కాపురం చేసేది నువ్వు."

ఆయన మా దగ్గర ఒక సంగతి దాచాడు. అది ముందే చెప్పేస్తాను. వాళ్ల నాయన రొద్దం దగ్గర ఒక పల్లెలో తప్పెట వాయిస్తాడు. జాతరకైనా, చావుకైనా ఆ చుట్టుపక్కల ఆయనే. అన్న మాత్రం మాతో, నాయన కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యాడని చెప్పాడు. ఆరో తరగతిలో ఉన్నప్పుడు నాయనతో కలిసి ఒక చావింటికి వాయించడానికి పోయాడట. అది తనతో చదివేవాడి ఇల్లు. మర్నాడు క్లాసంతా ఆయన లోపలికి రాగానే బల్లలు వాయించింది. ఆ రోజు నుంచి తప్పెట ముట్టలేదు. బెంగళూరు పోయి, హోటల్లో పనిచేస్తూ, అక్కడి బ్యాండు దగ్గర డ్రమ్ములు నేర్చుకున్నాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

రెండేళ్ల కిందట ఒకే వారంలో మాకు మూడు షోలు దొరికాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. మేము దాన్ని టూర్ అనే పిలిచాం, గొప్పగానే ఉంది మరి. అన్న అంతకుముందూ బాగా వాయించాడు, ఆ తర్వాతా బాగా వాయించాడు. కానీ ఆ వారం వాయించినట్టు మళ్లీ ఎప్పుడూ వాయించలేదు.

హిందూపురంలో మూడో పాట మధ్యలో కరెంటు పోయింది. గిటార్లు చచ్చిపోయాయి, నా మైకు చచ్చిపోయింది. కాలేజీ పిల్లలు ఈలలు మొదలుపెట్టారు. నేను చేతులు ఊపుతూ నిలబడ్డాను, ఏం చేయాలో తోచలేదు. అన్న ఆపలేదు. డ్రమ్ములకు కరెంటుతో ఏం పని. ముందు మెల్లగా, తర్వాత గట్టిగా, ఆ పాటనే డ్రమ్ముల మీద నడిపించాడు. ఈలలు చప్పట్లయ్యాయి, చప్పట్లు తాళంలో పడ్డాయి. జనరేటరు అందుకునేదాకా పాటను ఒక్కడే మోసి, కరెంటు రాగానే నా వైపు గడ్డం ఎగరేశాడు. నేను సరిగ్గా ఆపిన పదం నుంచే అందుకున్నాను. ఆ రోజు ఆయన అరచేతిలో బొబ్బ చితికి కర్రకు రక్తం అంటింది. ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

పెనుకొండలో కొండ కింద మైదానంలో స్టేజీ కట్టారు. పొద్దున్నుంచి తుంపర. మేము సామాను దించి బిగించుకుంటుంటే తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దాయన స్టేజీ వెనక్కి వచ్చాడు. భుజానికి తప్పెట.

"ఏమ్మా, డ్రమ్ములు వాయించే అబ్బి యాడుండాడు?" అని నన్ను అడిగాడు.

చూపించాను. అన్న ఆయన్ను చూసి బిగుసుకుపోయాడు.

"ఎవరన్నా?" అన్నాను.

"మా ఊరాయన," అన్నాడు అన్న. రెండడుగుల దూరంలో ఉన్న మనిషికి ఆ మాట వినబడకుండా ఎట్లా ఉంటుంది.

పెద్దాయన కొద్దిసేపు అన్న మొహమే చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఔమ్మా, ఆ అబ్బి ఊరోన్నే. ఈ పక్క పనుంటే వస్తి," అన్నాడు.

హిందూపురం దెబ్బకు భయపడి అన్న, గిటారు అన్నదమ్ములు జనరేటరు చూసుకోవడానికి వెళ్లారు. నేను పాటల వరస రాసుకుంటున్నాను. కాసేపటికి ప్లాస్టిక్ కాలిన వాసన. వెనక్కి పరుగెత్తి చూస్తే పెద్దాయన అట్టముక్కలు, ఎండుగడ్డి పోగేసి మంట వేశాడు. మా స్నేర్ డ్రమ్మును, అంటే డ్రమ్మర్ మోకాళ్ల మధ్య ఉండి పాటంతా నడిపించే ఆ చిన్న డ్రమ్మును, రెండు చేతులతో పట్టుకుని మంట మీద జాగ్రత్తగా తిప్పుతున్నాడు. దాని పైపొర ప్లాస్టిక్కు. నా కళ్ల ముందే అది ముడుచుకుపోయి నడిమధ్య బొక్కపడింది. హిందూపురంలో ఆ పొర దొరకదు, బెంగళూరు నుంచి రావాలి. షోకు గంట ఉంది.

నేను అరిచాను. ఏమని అరిచానో దాచకుండా రాస్తాను. "ఎవరు నువ్వు? ఎవరినడిగి ముట్టుకున్నావు? మీలాంటోళ్లను స్టేజీ కాడికి ఎవరు రానిచ్చినారు?" భుజాన తప్పెట చూసి నా నోటికి ఆ 'మీలాంటోళ్లు' వచ్చింది. పెద్ద మనిషి, మా నాయన కంటే పెద్దవాడు. ఆ మాట ఇప్పుడు కాగితం మీద పెట్టడానికి కూడా సిగ్గుగా ఉంది.

ఆయన డ్రమ్మును ఒళ్లోకి తీసుకున్నాడు. "తట్టి చూస్తి, మెత్తగ పలికిందమ్మా. తుంపరకు చర్మం చెమ్మ పట్టిందనుకుంటి. మేమైతే మంటకు కాంచకుండా వాయించం. మా వానికి సప్పుడు బాగ రావల్లని..."

'మా వాడు' అన్నాడని నాకు తట్టేలోపే నిర్వాహకులు ఇద్దరు వచ్చారు. ఒకడు పెద్దాయన చెయ్యి పట్టుకుని లేపాడు. అన్న అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాడు. చుట్టూ ఇరవై మంది చేరారు, అందులో ఆయన ఫ్యాక్టరీ వాళ్లూ ఉన్నారు. అన్న నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. ఏదో ఉందని నాకు అర్థమవుతోంది, ఏమిటో తెలియడం లేదు.

"చెయ్యి ఇడుసప్పా," అన్నాడు అన్న. "ఆయన మా నాయన."

పట్టుకున్నవాడు చెయ్యి వదిలేశాడు.

"నాయనా, ఆ తప్పెట ఇట్లియ్యి."

స్నేర్ స్టాండుకు తప్పెటను తాడుతో కట్టాం. ముప్పై ఐదేళ్ల తర్వాత అన్న దాని మీద కర్ర వేశాడు. ఆ చప్పుడు ఇంతకుముందు మా పాటల్లో ఎప్పుడూ లేదు. ఎముకకు తగిలే చప్పుడు. ముందు వరసలో కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. కానీ తుంపర ఆగలేదు, రెండు పాటలకే చర్మం జారింది. అన్న తాడు విప్పి తప్పెటను వెనక్కి అందించాడు. నాయన స్టేజీ వెనక మంట ముందు కూర్చుని కాంచి తిరిగి ఇచ్చాడు. మళ్లీ రెండు పాటలు, మళ్లీ మంట. తప్పెట లేని ఆ కాసేపు అన్న మిగతా డ్రమ్ములతో నెట్టుకొచ్చాడు. నేను ఊరికే మాటలు చెబుతూ జనాన్ని ఆపాను.

ఆఖరి పాట తప్పెట దెబ్బతోనే మొదలవ్వాలి. గిటార్లు సిద్ధం. తప్పెట ఇంకా మంట మీదే ఉంది. అన్న వెనక్కి చూడకుండా ఎడమ చెయ్యి వెనక్కి చాచి లెక్క మొదలుపెట్టాడు. ఒగటి. రెండు. మూడు అనేసరికి తప్పెట ఆయన చేతిలో పడింది. తాడు కట్టే వ్యవధి లేదు. మోకాళ్ల మధ్య ఇరికించుకుని నాలుగుకు కొట్టాడు. పాటంతా అట్లాగే వాయించాడు.

షో అయ్యాక వెనక్కి పోతే మంట ఆర్పేసి ఉంది, పెద్దాయన లేడు. అన్న తప్పెట తీసుకుని బస్టాండుకు పరుగెత్తాడు. ఎంతసేపటికో వట్టి చేతులతో వచ్చాడు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి నాయన తప్పెట అందుకున్నాడట, మాట్లాడలేదట.

"ఊరాయన అంటి గదమ్మా. ఆయన ఇన్న్యాడు," అన్నాడు నాతో. తర్వాత మూడు రోజులూ నాయనకు ఫోను చేస్తూనే ఉన్నాడు. ఆయన ఎత్తలేదు.

ధర్మవరం షోకు బెంగళూరు నుంచి కొత్త పొర వచ్చింది. హాలు నిండింది, సగం మంది మగ్గాల మీద నుంచి నేరుగా వచ్చినవాళ్లు. అన్న బొరుగులు కూడా తినలేదు. నాలుగు పాటలు వాయించాడు, కళ్లు మాత్రం గేటు దగ్గరే. ఐదో పాటకు ముందు లేచి నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. పదకొండేళ్లలో ఆయన మైకు ముట్టింది అదొక్కసారే.

"మా నాయన తప్పెట వాయిస్తాడు," అన్నాడు. "నాకు మొదట నేర్పించింది ఆయనే. మొన్న నేను ఆయన్ను నా నాయన కాదంటి. ఈడికి వచ్చినాడో లేదో తెల్దు. వచ్చింటే ఇది ఆయనకు."

కూర్చుని, చిన్నప్పుడు నేర్చుకున్న తప్పెట వరసను డ్రమ్ముల మీదికి ఎక్కించాడు. నేను పక్కనే నిలబడి విన్నాను. రెండు చేతులూ రెండు కాళ్లూ నలుగురు మనుషుల్లా పనిచేశాయి. అంత జోరులోనూ ప్రతి వరస చివరా టక్కున ఆగేవాడు. ఆ ఆగినప్పుడు హాలులో ఫ్యాను తిరగడం వినబడేది. అంతకు మించిన వాయింపు నేను వినలేదు, ఇక వినను.

షో ముగిసి వైర్లు చుడుతుంటే వెనక తలుపు దగ్గర తెల్లచొక్కాలో పెద్దాయన నిలబడి ఉన్నాడు. చివరి వరసలో కూర్చున్నాడట. ముందు నేనే వెళ్లి, తప్పయింది నాయనా అన్నాను. "తెలీని పని చేస్తి, తిట్లు తింటి. పోనీలేమ్మా," అన్నాడు. తర్వాత కొడుకు వైపు తిరిగాడు. అన్న తలెత్తలేదు.

"మూడో ఏటుకు తొందరపడ్తివి రా," అన్నాడు పెద్దాయన.

అన్న నేల మీద కూర్చుని ఏడ్చాడు. పెద్దాయన కూడా పక్కనే కూర్చుని, ఆ మూడో ఏటు ఎట్లా వేయాలో వేళ్లతో చూపించాడు. అక్కడి నుంచి సెలవు దొరికినప్పుడల్లా అన్న ఊళ్లోనే ఉండేవాడు. చావులకు కూడా నాయన పక్కన నిలబడి వాయించాడని విన్నాను.

బుధవారం వాళ్ల పల్లెకు వెళ్లాం. ఆ ఊళ్లో తప్పెట మోగితేనే పాడె లేస్తుంది. మొదటి దెబ్బ ఎప్పుడూ పెద్దాయనదే. పక్క ఊరి తప్పెటవాళ్లు ఐదుగురు వచ్చి, "నువ్వు కూచో పెద్దాయనా, ఈ పొద్దు మేం కొడ్తాం" అన్నారు. ఆయన వినిపించుకోలేదు. వాకిట్లో ఒక మూల మంట వేసుకుని తప్పెట కాంచడం మొదలుపెట్టాడు. తిప్పుతాడు, వేలితో తడతాడు, చెవి దగ్గర పెట్టుకుంటాడు, మళ్లీ మంట మీద పెడతాడు. ఎండ మండిపోతోంది. పాడె మోసేవాళ్లు తువ్వాళ్లు కట్టుకుని నిలబడ్డారు. తప్పెట ఎప్పుడో గంటలా పలుకుతోంది, అది అక్కడున్న అందరికీ వినబడుతోంది. పోయి చెప్పడానికి ఎవరికీ కాళ్లాడలేదు.

చివరికి నేను పోయి పక్కన కూర్చున్నాను. "చాలు నాయనా," అన్నాను.

"ఇంగా కాగల్లమ్మా," అని, ఆయన మంటలో ఇంకో గుప్పెడు గడ్డి వేశాడు.