రెండు పిడికెళ్ళు తక్కువ

ఖాళీ రేకు డబ్బాలో పిడికెడు బియ్యం పడితే ఒక చప్పుడు వస్తుంది. మొదట గలగలమంటుంది. డబ్బా అడుగు కప్పుకున్నాక ఆ చప్పుడు మెత్తబడుతుంది. ఈ ఉదయం నా భార్య ఎసట్లో బియ్యం పోసే ముందు రెండు పిడికెళ్ళు తీసి ఆ డబ్బాలో వేసింది. వంటింట్లోంచి ఆ చప్పుడు ముందుగదిలోకి వినిపించగానే నేను చదువుతున్న పేపరు పక్కన పెట్టేశాను. అది వినపడ్డాక ఏ వార్తా నా తలకెక్కదు. అమ్మ చెయ్యి గుర్తొస్తుంది. గింజ కూడా జారకుండా మూసుకునే చిన్న గుప్పిట.

మా క్రైస్తవుల ఇళ్ళలో పిడికెడు బియ్యం అనే అలవాటు ఒకటుంది. వండిన ప్రతిసారీ ఆడవాళ్ళు ఒక పిడికెడు తీసి విడిగా దాస్తారు. ఆదివారం ఆ బియ్యాన్ని గుడికి తీసుకెళ్ళి ఇస్తారు. అది దేవుని పనికి వెళుతుంది. మా విషయంలో ఆ దేవుని పని అంటే మా అమ్మా నాన్నలే. మిషనరీలంటే తెల్లవాళ్ళే అనుకుంటారు చాలామంది. మా వాళ్ళు నల్లవాళ్ళే, విజయనగరం వాళ్ళే. పాతపట్నం దాటి, సరిహద్దు అవతల సవర కొండల్లో ఒక తాటాకు గుడి కట్టుకుని అక్కడే ఉండిపోయారు. అక్కడ బడి లేదు. మన్యం జ్వరం మాత్రం ఉంది. అందుకని అక్క మరియనీ నన్నూ పెద్దమ్మ దగ్గర వదిలారు. పెద్దమ్మ పిడికెడు తీసి దాచేటప్పుడు "ఇది మీ అమ్మకి" అనేది. ఆ బియ్యం సంచి గుడికి మోసేవాణ్ణి నేనే. మోసినంత దూరం అమ్మ మీద కోపంగానే ఉండేది.

అరవైల చివర్లో, ఒక ఎండాకాలం, వాళ్ళు మొదటిసారి ఎక్కువ రోజుల సెలవు మీద వచ్చారు. అప్పటికి పెద్దమ్మ పోయింది. నేను విజయనగరంలో గుమాస్తా ఉద్యోగంలో చేరాను. అక్క పెళ్ళి చేసుకుని శ్రీకాకుళంలో అద్దె ఇంట్లో ఉంది. తొలి కాన్పు. తొలి పురుడు పుట్టింట్లో పొయ్యాలి. కానీ అక్కకి పుట్టిల్లు ఏది? "నాకు పుట్టిల్లు కొండెక్కేసినాదిరా తమ్ముడూ. దిగుతాదో దిగదో సూడాలి" అని నవ్వింది అక్క. నవ్వు మధ్యలోనే కళ్ళు తుడుచుకుంది.

సెలవు పెట్టి అక్క దగ్గరికి వచ్చి, శ్రీకాకుళం బస్టాండుకి నేనే వెళ్ళాను. పాతపట్నం బస్సు దిగి ఇద్దరూ నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు, అందరూ చూస్తుండగానే. తరువాత నడక మొదలైంది. అంత వెడల్పాటి రోడ్డు మీద నాన్న ముందు, ఆయన అడుగు తీసిన చోటే అడుగు వేస్తూ అమ్మ వెనక, ఒకరి వెనక ఒకరు. కొండ దారిలో ఇద్దరు పక్కపక్కన నడిచే చోటుండదు. వాళ్ళ కాళ్ళకి అదే అలవాటైపోయింది. కిళ్ళీ కొట్టు దగ్గర ఎవడో "సీమల బారురా" అన్నాడు. నేను రోడ్డు అవతలి పక్కకి మారి, వాళ్ళెవరో నాకు తెలియనట్టు నడిచాను. అమ్మ ఒకసారి తల తిప్పి చూసి, నేనెక్కడున్నానో చూసుకుని, మళ్ళీ నాన్న అడుగుల్లోనే అడుగు వేసింది.

ఇంట్లో అసలు మాట మొదటి పూటే తేలింది. వర్షాలు పడితే వాగులూ గెడ్డలూ పొంగి కొండకి దారి మూసుకుపోతుంది. అందుకని తొలకరికి ముందే నాన్న పైకి చేరాలి. అక్కకి నెలలు నిండేది వర్షాల మధ్యలో. అమ్మ ఉంటుందా, వెళుతుందా? ఎవరూ పైకి అడగలేదు. అక్క మాత్రం రోజూ ఆకాశం వంక చూసేది. చిన్న మబ్బు కనిపించినా ఆమె మొహం మాడిపోయేది.

మర్నాడు వంట అమ్మ చేసింది. వడ్డించేసరికి అన్నం చాల్లేదు. కొత్త పొయ్యి, కొత్త గిన్నె, కొలత తెలియలేదేమో అనుకున్నాం. ఆ తరువాతి పూటా తక్కువే. మూడో రోజు రాత్రి కూడా అంతే. అమ్మ తన కంచం ముందుకి లాక్కోకుండా కూర్చుంది. అక్క మొగుడు, మా బావ, మంచి హాస్యగాడు. ఖాళీ గిన్నెని గరిటెతో తట్టి "అత్తగారూ, మమ్మల్నందర్నీ ఉపాసం ఉంచి మోక్షానికి తోలేత్తారేటి?" అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. లోపల ఎన్నేళ్ళుగానో ఉన్నది బయటికొచ్చేసింది. "సిన్నప్పట్నుంచీ మా ఇంట్లో బియ్యం తీసి నీకు పంపినాం. ఇప్పుడు నువ్వే వొచ్చి వొండినా మాకు తక్కువే గదా అమ్మా" అన్నాను.

అమ్మ లేచి పొయ్యి వెనక నుంచి ఒక ఇత్తడి చెంబు తెచ్చి నా ముందు పెట్టింది. సగానికి పైగా బియ్యం.

"ఏటిది?" అంది అక్క.

"మీ ఇద్దరిదీనే" అంది అమ్మ. "పూట పూటా వొండే ముందు నీ పేరున ఒక పిడికిడి, తమ్ముడి పేరున ఒక పిడికిడి తీసి పక్కనెడతాను. అక్కడ అలాగే సేత్తాను. సాయింత్రం గుమ్మంలోకి ఎవరో ఇద్దరు పిల్లలు వొస్తారు. ఆ బియ్యం వొండి వొడ్డిస్తాను. ఆడపిల్లకెడితే మరియకెట్టినట్టు, మొగపిల్లడికెడితే నీకెట్టినట్టు. సెయ్యికి అలవాటైపోనాది నాయినా. మీరు ఎదురుగా కూకున్నారని మరిసిపోయి తీసేసినాను."

ఆ మాటకే నేను కరిగిపోయి ఉండాల్సింది. కరగలేదు. "మా పేరు సెప్పి ఎవలో తింటే మా కడుపు నిండినాదా?" అని అడిగాను.

నాన్న ఏదో అనబోయాడు. అమ్మ ఆయన్ని చేత్తో వారించింది. "లేదు నాయినా. నిండలేదు. నాకు తెల్దేటి? మీకు ఎట్టలేక, ఎట్టకుండా ఉండలేక సేసినాను. దేవుడు దాన్ని ఏ లెక్కన రాసుకున్నాడో నాకు తెల్దు."

తనని తాను సమర్థించుకుని ఉంటే నేను ఇంకా పోట్లాడేవాణ్ణి. కొండంత సేవ చేసిన మనిషి, కొడుకు అడిగిన దానికి 'లేదు' అని ఒప్పుకుంటుందని నేననుకోలేదు. అప్పుడు అక్క బరువుగా లేచింది. చెంబులో బియ్యం కడిగి, ఆరిపోతున్న పొయ్యి మళ్ళీ రాజేసింది. "ఇన్నాళ్ళూ ఎవలికో ఎట్టినావు గదా. ఇయ్యాల మా వొంతు మాకెట్టు" అంది.

అన్నం ఉడికేదాకా ఎవరం కంచాల ముందు నుంచి లేవలేదు. అమ్మ వేడన్నంలో చింతపండు పచ్చడి కలిపి అక్కకో ముద్ద, నాకో ముద్ద పెట్టింది. ఉద్యోగం చేస్తున్న మగవాణ్ణి, చిన్నపిల్లాడిలా నోరు తెరిచాను. బావ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. "నాకు పేరున్నా పిడికిడి లేకపోయినాదే" అని గొణిగాడు. అమ్మ అతనికీ ఒక ముద్ద పెట్టింది.

మబ్బులు కట్టిన రోజు నాన్న తన మూట ఒక్కటే కట్టుకున్నాడు. "నువ్వు ఉండు. ఈ కాన్పు నీదే" అన్నాడు అమ్మతో. అమ్మ ఆయన వంక చూసి "మరి ఆ పిల్లలకి?" అంది. "నేనెడతాన్లే" అన్నాడు నాన్న. ఆయన జీవితంలో పొయ్యి ముట్టించిన మనిషి కాదు. అక్క గుమ్మం పట్టుకుని నిలబడి ఏడ్చింది. నేను ఆయన మూట తీసుకుని బస్టాండు దాకా వెళ్ళాను. ఈసారి రోడ్డు అవతల నడవలేదు. ఆయన వెనకే, ఆయన అడుగు తీసిన చోటే అడుగేశాను. కిళ్ళీ కొట్టు ముందు నుంచే వెళ్ళాం. బస్సు ఎక్కే ముందు నాన్న "ఒకసారి పైకి రారా. నీ పేరున తిన్నోళ్ళని సూద్దువుగాని" అన్నాడు. "సూద్దాం నాన్నా" అన్నాను.

వర్షాల మధ్యలో అక్కకి ఆడపిల్ల పుట్టింది. అమ్మ చేతుల్లోనే పుట్టింది. వర్షాలు తగ్గి గెడ్డలు దిగాక నాన్న అమ్మ కోసం వచ్చాడు. బాగా చిక్కిపోయాడు, దవడ ఎముకలు బయటికొచ్చాయి. ఆయన మనవరాల్ని ఎత్తుకోకముందే అమ్మ అడిగిన మొదటి మాట, "పిల్లలకెట్టినావా?"

"ఎట్టినాను. మాడిపోయినాది, ముద్దయిపోయినాది. అయినా తిన్నారు" అని నవ్వాడు నాన్న. "నాకే తక్కువయినాది గాని. రెండు పిడికిళ్ళు తీసేస్తే మనకి మిగిలేది ఎంతని నువ్వెప్పుడూ సెప్పలేదే నాకు?"

అమ్మ పాపని ఆయన చేతుల్లో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను గోడకానుకుని నిలబడిపోయాను. వాళ్ళ కొలత ఎప్పుడూ ఇద్దరికి సరిపడినంతే. అందులోంచే మా రెండు పిడికెళ్ళు పోయేవి. అక్కడ నాన్నకి అమ్మ ముందు వడ్డించి ఉంటుంది. ఆయనకి తక్కువ కాలేదు కాబట్టి ఆయనకి తెలియలేదు. ఇన్నేళ్ళూ తక్కువ తిన్నది ఒక్కరే. నాకు తక్కువైంది మూడు రోజులు, ఇంటిల్లిపాదీ వినేలా అడిగాను.

వాళ్ళిద్దర్నీ పాతపట్నం అవతల, బండి దారి ఆగిపోయే చోటు దాకా దిగబెట్టాను. అక్కణ్ణించి కాలిదారే. సెలవు లేదని చెప్పి అక్కడే ఆగాను. సెలవుంది. నా పేరున తిన్న పిల్లాడి కళ్ళలోకి చూసే ధైర్యం మాత్రం లేదు. నాన్న ముందు, అమ్మ వెనక. చెట్ల మధ్యకి వెళ్ళేదాకా చూశాను. ఆమె వెనక ఒక మనిషి పట్టే చోటు ఖాళీగా కనిపించింది. తరువాత కూడా నేను ఆ కొండ ఎక్కలేదు. ఇప్పుడు వాళ్ళిద్దరూ ఆ పైనే, ఆ గుడి పక్కనే మట్టిలో ఉన్నారు.

మా ఇంట్లో రేకు డబ్బా నిండగానే మా వీధి చివర గుడిసెల్లోని పిల్లలు ఇద్దరు వస్తారు. వాళ్ళ పేర్లు నాకు తెలుసు. కానీ వడ్డించేటప్పుడు నా భార్య ఒకణ్ణి నాన్న పేరుతో, ఒకర్తెని అమ్మ పేరుతో పిలుస్తుంది. వాళ్ళూ పలుకుతారు. ఆ పూట మా కంచాల్లో అన్నం కొంచెం తగ్గుతుంది. ఆమె గిన్నె వంచి చూపించి "సాలదేమో" అంటుంది. నేను నా కంచంలోది సగం తీసి ముందు ఆమెకి వేస్తాను.