తిత్తి పిడికి పెట్టిన బొట్టు

ఎలా మొదలుపెట్టాలో తెలియక మొన్నటి సంగతితోనే మొదలుపెడుతున్నాను. మనవడు నన్ను మా దీవిలోని లెస్కాలియే ఊరి చర్చికి తీసుకెళ్లాడు. అక్కడి గొట్టాల బాజాకి, అదే పైపు ఆర్గన్‌కి, ఇప్పుడు గాలి కొట్టడానికి కరెంటు మోటారు పెట్టారు. పాత గాలితిత్తి పిడి మాత్రం పక్కనే ఉంది. "నానమ్మా, ఈ కర్ర సగం నలుపు, సగం పసుపు ఎందుకుంది?" అన్నాడు వాడు.

నా చిన్నప్పుడు ఆ చర్చి చెరకు ఎస్టేటు వాళ్లది. బాజా ఓడలో వచ్చినప్పుడు ఆ గొట్టాలు చూసి మా కూలీల కాంపువాళ్లు రమ్ము కాచే యంత్రమనుకుని సంతోషపడ్డారట. వారమంతా చెరకు నరికే మా నాన్న ఆదివారం దాని వెనక నిలబడి ఆ పిడి ఎత్తి దించేవాడు. పిడి ఆగితే పాట ఆగిపోతుంది. ఆ ఏడు దసరా శనివారం వచ్చింది. కాంపులో అందరూ కత్తులూ పారలూ కడిగి బొట్లు పెట్టారు. "కత్తికి పెట్టి దానికి పెట్టకపోతే ఎట్లా? అదీ మనకి కూడు పెడతా ఉంది," అంటూ నాన్న నన్ను వెంటబెట్టుకుని చర్చికి వెళ్లాడు. పిడికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, అక్కడే నేల మీద కొబ్బరికాయ కొట్టాడు.

ఆ చప్పుడుకి ఎస్టేటు ఓవర్సీరు వచ్చాడు. "కి తో పె ఫేర్ లా?" ఏం చేస్తున్నావురా అని ఇక్కడి క్రియోల్ భాషలో అరుస్తూనే చేతికర్రతో వీపు మీద బాదాడు. నాన్న రెండు చేతులతో పిడి పట్టుకుని వదల్లేదు. జుట్టు పట్టి లాగితే పిడి విరిగింది. ఆ విరిగిన ముక్కతోనే వాడు నాన్న చెయ్యి మీద కొట్టాడు. మణికట్టు విరిగిన చప్పుడు కొబ్బరికాయ పగిలినట్టే వినిపించింది. పిడి మొదట్లో ఉన్న కుంకుమ మీద నెత్తురు చిమ్మింది. "రేపు గాలి కొట్టే మనిషి రాకపోతే ఎస్టేటు ఇల్లు ఖాళీ చెయ్," అని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే వడ్రంగి పిడి విరిగిన చోట పచ్చని కొత్త కర్ర అతికాడు. పొద్దున్నే అమ్మ చీర కొంగు నడుముకి బిగించి నాన్న బదులు చర్చికి వెళ్లింది. నుదుటి బొట్టు తుడవలేదు. ఓవర్సీరు గుమ్మంలో అడ్డం నిలబడి కర్ర ఎత్తాడు.

"కొట్టు మిస్యే, కొట్టు దొరా. నా చెయ్యీ విరగ్గొడితే లోపల నువ్వే నిలబడాలి," అంది అమ్మ.

లోపల ఎస్టేటు పెద్ద దొర కుటుంబం పాట కోసం ఎదురుచూస్తోంది. వాడు పక్కకి జరిగాడు. అమ్మ కోపమంతా పిడి మీద చూపించింది. పాట వణికింది కానీ ఆగలేదు. బయట చెరకుగట్టు మీద, చేతికి గుడ్డ కట్టుకుని కూర్చున్న నాన్న విని, "మెల్లగా కొట్టవే, దాని తప్పేముంది," అన్నాడు.

మా ఇల్లు నిలిచింది. నాన్న చెయ్యి మళ్లీ కత్తి పట్టలేదు. అమ్మ ముసలిదయ్యేదాకా ఆ పిడి దగ్గరే నిలబడింది. ఇప్పుడు మోటారుకి ఎవరి చెయ్యీ అక్కర్లేదు. ఇన్నేళ్లయినా ఆ కొత్త కర్ర పాతదాని రంగుకి రాలేదు.