ఆపలేదు వదినా, ఆగింది

మా ఆడబిడ్డ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను పనిచేసే బడిలో, పిల్లల మధ్యాహ్న భోజనం దగ్గర నిలబడి ఉన్నాను. హైదరాబాద్ దవాఖానా నుంచి మా ఆయన చేశాడు. "అయిపోయింది" అన్నాడు. ఆమె జబ్బు బయటపడినప్పటి నుంచి, ఏడాదిన్నరగా ఆ మాట కోసం ఇద్దరం లోపల్లోపల సిద్ధపడుతూనే ఉన్నాం. పిల్లలు తినడం పూర్తయ్యేదాకా అక్కడే ఉండి, సెలవు చీటీ రాసిచ్చి ఇంటికి నడిచాను.

పోయిన నెల సంగతి ఇది. మా ఊరు టేకులపల్లిలో ఆమెను సాగనంపడానికి వచ్చినవాళ్లలో మా వాళ్లెవరికీ తెలియని కొందరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు ఉన్నారు. ఎండలో ఒక పక్కగా, ఎక్కడ నిలబడాలో తెలియనట్టు నిలబడ్డారు. మా వాడలో ఒక పెద్దావిడ వాళ్ల దగ్గరికి వెళ్లి, "ఎవలమ్మా మీరు?" అని అడిగింది. "మేడమ్ మాకు విమానం నడపడం నేర్పించారు" అని ఒక అమ్మాయి చెప్పింది. పెద్దావిడ ఆ పిల్ల ముఖం కాసేపు చూసి, "గీ పని జేసేదా మా పిల్ల" అంది. చిన్నప్పటి నుంచి ఆమెను ఎరిగిన మనిషి అన్న మాట అది. అందుకే ఇది రాయాలనిపించింది.

ఆడబిడ్డ గురించి వదిన రాయడమేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. ఆమె పెళ్లి చేసుకోలేదు. మా అత్తమ్మ ఈ దుఃఖం చూడకుండా ముందే వెళ్లిపోయింది. మా ఆయనకు మాటలు తక్కువ. ఇక మిగిలింది నేనే.

రెండు వేలు దాటిన తొలి ఏళ్లలో నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్లాను. అప్పటికి మామ లేడు. ఆయన నడిపే బొగ్గు లారీ ఇల్లెందు దారిలో బోల్తా పడి పోయాడట. మా ఆయన కూడా బొగ్గు లారీ డ్రైవరే. ఆడబిడ్డ కొత్తగూడెంలో డిగ్రీ ముగించి ఇంట్లో ఉంది. నేను వచ్చిన మూడో రోజో నాలుగో రోజో, బియ్యం చెరుగుతుంటే పక్కన కూర్చుని అడిగింది.

"వదినా, ఎత్తు మీదికెళ్లి కిందికి చూస్తే నీకు తల తిరుగుతదా?"

"తిరుగుతది" అన్నాను.

"నాకు తిరగదు" అంది, తన ఎత్తో బరువో చెప్పినంత మామూలుగా. ఆ మాట వెనక ఏముందో నాకు తర్వాత తెలిసింది.

మా అత్తమ్మ పుట్టిల్లు భద్రాచలానికి దిగువన, గోదావరి ఒడ్డున. పెద్ద వరద వచ్చిన ఏడాది తల్లీబిడ్డలు చుట్టపు చూపుగా వెళ్లి అక్కడే చిక్కుకుపోయారు. ఊరంతా బడి డాబా ఎక్కింది. మా ఆడబిడ్డకు అప్పటికి ఇంకా బడి వయసు కూడా రాలేదు. హెలికాప్టర్ వచ్చి పులిహోర పొట్లాలు వేసింది. "ఒక పొట్లం నా కాళ్లకాడనే పడ్డది. తిన్న. కడుపు నిండినంక మళ్ల పైకి చూసిన. ఆ పైనున్నోళ్లకు మేం ఎట్ల కనపడ్డమో అని" అని చెప్పింది ఒకసారి. ఆమె కోరికకు మొదలు అదే. మనసులో అంత చిన్నప్పుడు పడినదాన్ని ఎవరు తీసేయగలరు?

మామ పోయినందుకు ఇచ్చే నష్టపరిహారం నేను వెళ్లాకే చేతికొచ్చింది. పెంకులు కారే ఇంట్లో ఉంటున్నాం కాబట్టి దానితో గట్టి ఇల్లు కట్టుకొమ్మని చుట్టాలందరూ చెప్పారు. అత్తమ్మ అందరి మాటా విని, "ఇల్లు కడితె ఇంట్లనే ఉంటం గద. దానికి ఎటు పోవాల్నని ఉన్నదో గటు పోనీయిర్రి" అంది. ఆ డబ్బు పట్టుకుని మా ఆడబిడ్డ వేరే రాష్ట్రంలో ఒక విమాన శిక్షణ బడిలో చేరింది.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఉద్యోగం చేసే పైలట్ కావాలంటే పరీక్షలు రాస్తే చాలదు. రెండు వందల గంటలు గాలిలో ఉండాలి. ప్రతి గంటకూ డబ్బు కట్టాలి. ఆ ఒక్క గంట ఖర్చుతో మా ఇల్లు నెల గడిచేది. ఆమెకు సగం గంటలు కూడా పూర్తి కాకుండానే ఆ బడి మూతపడింది. యజమాని ఎక్కడున్నాడో ఎవరికీ తెలియలేదు. ముందుగా కట్టిన డబ్బు పోయింది.

ఎండాకాలం, పొద్దుగూకే వేళ రేకు పెట్టె మోసుకుంటూ ఇంటికి వచ్చింది. చెంబెడు నీళ్లు తాగి అరుగు మీద కూర్చుంది.

"కట్టినోళ్లం అందరం గేటు ముందట నిలబడ్డం వదినా. లోపల రెండు విమానాలున్నయి. టైర్లల్ల గాలి గూడ లేదు."

అత్తమ్మ లోపలి నుంచి వచ్చి బిడ్డ ముఖం చూసింది. "ఏమన్న తిన్నవా?" అంది. కంచంలో అన్నం పెట్టుకొచ్చింది. మామ ప్రాణానికి వచ్చిన డబ్బు అది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా మాకు తెలియలేదు.

కొన్నాళ్లకు వాడలో, "పిల్ల విమానం చదువు ఆపేసిందంట గద" అని అడగడం మొదలైంది. ఎవరో అడిగితే నేను కూడా "అవ్, ఆపేసింది" అన్నాను. వాళ్లు వెళ్లాక ఆమె నా దగ్గరికి వచ్చింది. "ఆపలేదు వదినా, ఆగింది" అంది. అందులో నిష్ఠూరం లేదు. లెక్కల టీచరు పిల్లల తప్పు దిద్దినట్టు దిద్దింది. ఆ తర్వాత ఎవరడిగినా నేను ఆ మాటే చెప్పాను.

నిజంగానే ఆమె లెక్కల టీచరయింది. కొత్తగూడెంలో ఒక ప్రైవేటు బడిలో. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు, ఇంటికొచ్చాక ట్యూషన్లు. ఎండాకాలం సెలవుల్లో జీతం ఇవ్వరు కాబట్టి తల్లితో పాటు మిరపకాయ ఏరడానికి వెళ్లేది. మిరప తోటలో పని ఎట్లా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు. చేతులే కాదు, ముక్కు, గొంతు, కళ్లు అన్నీ మండుతాయి. ఈమె రోడ్డు పక్కన అమ్మే నల్లద్దాలు పెట్టుకుని వచ్చింది. కూలికి వచ్చిన ఆడవాళ్లు పని ఆపి మరీ నవ్వారు.

"ఏందే, హీరోయిన్ లెక్క అద్దాలు బెట్టుకొచ్చినవ్" అంది ఒకామె.

"కండ్లు మండుతయక్కా."

"మా కండ్లు మండవా?"

"మండుతయి. కని మీ కండ్లను ఏడాదికోసారి డాక్టరు చూసి పాసా ఫెయిలా చెప్పడు గద."

పైలట్లకు ఏటా ఆరోగ్య పరీక్ష ఉంటుందని, కంటిచూపు కాస్త తగ్గినా కష్టమని ఆమె భోజనాల దగ్గర వాళ్లకు చెప్పింది. వారం తిరిగేసరికి ఆ నవ్వినామే, "ఒక్కపాలి నాకియ్యి బిడ్డా, కండ్లు పోతున్నయ్" అని అద్దాలు అడిగి తీసుకుంది. తర్వాత తోటలో ఆ అద్దాలు చేతులు మారుతూనే ఉన్నాయి. సాయంత్రానికి వాటిని సబ్బుతో కడిగి గుడ్డలో చుట్టి పెట్టేది.

సంబంధాలు రాలేదని కాదు. ఆంధ్రా సరిహద్దులోని వేంసూరు నుంచి ఒకరు వచ్చారు, పొలం పుట్ర ఉన్నవాళ్లు. పిల్లవాడి తల్లి మర్యాదగానే మాట్లాడింది. "పిల్ల బాగుందండీ. కానీ గాల్లో తిరిగే పిల్లని ఇంట్లో ఎట్లా కూర్చోబెట్టుకుంటామండీ? అది మానేస్తే చెప్పండి" అంది. మా ఆడబిడ్డ వాళ్లకు టీ ఇచ్చి, "మానెయ్యనండీ" అని వాళ్ల యాసలోనే జవాబిచ్చి లోపలికి వచ్చింది. వంటింట్లో నవ్వుకున్నాం. తర్వాత ఆమె చాలాసేపు ఆ కప్పులు కడుగుతూ కూర్చుంది.

ఒక ఏడాది మా పాపకు టైఫాయిడ్ వచ్చింది. అదే సమయానికి మా ఆయన లారీ చెడి, పని లేకుండా పోయింది. ఆడబిడ్డ మళ్లీ ఆరోగ్య పరీక్షకు హైదరాబాద్ వెళ్లాల్సిన నెల. కొత్తగూడెం దవాఖానాలో పాప మంచం పక్కన నేల మీద ఇద్దరం కూర్చుని ఉన్నాం. నేను చాలా అలసిపోయి ఉన్నాను.

"ఇంక ఎన్నేండ్లు గిట్ల?" అన్నాను.

ఆమె పాప నుదుటి మీద తడిగుడ్డ మార్చింది.

"నాకు గూడ ఎరుక లేదు వదినా. నేను గూడ అలిసిపోయిన. కని కొంచెంసేపని పండుకుంటే మళ్ల లెవ్వనేమోనని భయమైతది."

ఆ ఏడాది ఆమె పరీక్షకు వెళ్లలేదు. దాచుకున్నది దవాఖానాకు కట్టేసింది. దాని గురించి తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు, నన్ను ఎత్తనివ్వలేదు. మరుసటి ఏడాది, లారీ మళ్లీ రోడ్డెక్కాక మా ఆయన తనంతట తానే, "నడువు, నేను తీస్కపోత" అన్నాడు. బొగ్గు దించడానికి వెళ్లే లారీలో చెల్లెలిని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లాడు. దారిలో బొగ్గు దుమ్ము పడకుండా ఆమె మంచి బట్టలను దుప్పట్లో చుట్టి తన సీటు వెనక పెట్టాడట. అన్నాచెల్లెళ్ల మధ్య ఆ విషయంలో జరిగిన సంభాషణ అంతే.

ఆ ప్రయాణంలోనే ఆమెకు హైదరాబాద్‌లో ఒక చిన్న ఫ్లయింగ్ క్లబ్ సంగతి తెలిసింది. కొత్త పిల్లలకు లెక్కలు, వాతావరణ పాఠాలు చెప్పడానికి మనిషి కావాలన్నారు. జీతం పేరుకే. బదులుగా అప్పుడప్పుడు విమానం ఇస్తారు. ఆమె వెంటనే ఒప్పుకుంది. ఒకే తెల్లచొక్కా, రోజూ ఉతుక్కునేది. మధ్యాహ్నం తింటే రాత్రి తినేది కాదని ఆమె గదిలో ఉండే అమ్మాయి తర్వాత నాకు చెప్పింది. ఎగరడానికి దొరికేది మూడు రోజులకో గంట, నెలకో గంట, ఒక్కోసారి అదీ లేదు.

ఒకసారి చూద్దామని వెళ్లాను. కంచె దగ్గర నన్ను నిలబెట్టి ఆమె లోపలికి వెళ్లింది. విమానం మా ఆయన లారీ ముందు బొమ్మలా ఉంటుంది. అది పరుగెత్తి, నేను ఊపిరి బిగబట్టేలోపే నేలను వదిలేసింది. నేను ఏవేవో అనిపిస్తాయనుకున్నాను. పడిపోకుండా ఉంటే చాలనే తప్ప ఇంకేమీ అనిపించలేదు. దిగి వచ్చాక చూస్తే చొక్కా వీపంతా చెమటతో తడిసి ఉంది. కూలికి పోయి వచ్చినట్టే ఉంది. "ఆకలయితుంది వదినా, ఏం తెచ్చినవ్?" అంది.

లైసెన్సు వచ్చేనాటికి ఆమెకు ముప్పై దగ్గరపడ్డాయి. అప్పటికి కంపెనీలు కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేశాయి. పైగా పెద్ద విమానం నడపాలంటే మళ్లీ వేరే శిక్షణ, దానికి ఇంతకు ముందుకన్నా ఎక్కువ డబ్బు. ఆమె అదే క్లబ్‌లో నేర్పించే పనికి కుదిరింది. ఆమె చేతుల మీదుగా నేర్చుకున్న పిల్లలు ఒక్కొక్కరే పెద్ద విమానాలకు వెళ్లిపోయారు. ఆమె ఇద్దరు కూర్చునే విమానంలోనే ఉండిపోయింది. ఇంటికి వచ్చినప్పుడు చుట్టాలు, "పెద్ద విమానం ఎప్పుడు తోల్తవ్?" అని అడిగేవాళ్లు. "రోజూ ఎగురుతున్న గద" అనేది. అందులో బాధ ఉందా లేదా అని నేను చాలాసార్లు వెతికాను. కొంత ఉంది. ఆమె దాన్ని దాచలేదు, చూపించనూ లేదు.

ఒకసారి శిష్యుడికి దూరప్రయాణం నేర్పిస్తూ రాజమండ్రి వైపు వెళ్లిందట. భద్రాచలం మీదుగా. తర్వాత ఇంటికి వచ్చినప్పుడు ఆ సంగతి చెప్పింది. అత్తమ్మ కూడా పక్కనే ఉంది.

"అమ్మమ్మ ఊరు కనపడ్డదా?" అని అడిగింది అత్తమ్మ.

"ఊరు ఏడున్నదో గుర్తువట్టిన. గోదావరి కనపడ్డది, అడవి కనపడ్డది. అంత పైనుంచి మనుషులు కనపడరమ్మా." మళ్లీ తనే అంది, "వరదప్పుడు ఆ పొట్లాలు వేసినోళ్లకు గూడ అందరం కనపడ్డమో లేదో. మనం ఉన్నమని నమ్మి వేసిన్రు."

ఆమె నోట నేను విన్న పెద్ద మాట అదొక్కటే. మిగతావన్నీ అన్నం, బస్సు, గాలివాటం గురించినవే.

రొమ్ములో గడ్డ బయటపడ్డాక ఆరోగ్య పరీక్షలో ఆమెను ఎగరడానికి పనికిరాదన్నారు. ఆ కాగితం నాకు చూపించలేదు, సంగతి మాత్రం చెప్పింది. మందులు వాడుతున్నప్పుడు ఇంటికి తెచ్చుకున్నాం. పడుకున్న చోటు నుంచే శిష్యులకు ఫోన్‌లో పాఠాలు చెప్పేది. మాట మధ్యలో అలసట వచ్చి ఆగితే, అవతలివాళ్లు ఓపికగా ఆగేవాళ్లు. చివరి వారం మళ్లీ హైదరాబాద్ తీసుకెళ్లాం.

దవాఖానాలో చూసిన ముఖాన్ని నేను గుర్తుంచుకోదలచుకోలేదు. కళ్లు మూసుకుంటే నాకు కనిపించేది లైసెన్సు చేతికొచ్చాక ఆమె ఇంటికి వచ్చిన రోజు. నేనూ అత్తమ్మా ఖమ్మం బస్టాండ్‌కు ఎదురెళ్లాం. హైదరాబాద్ బస్సు దిగి, సంచిలోంచి దాన్ని తీసి తల్లి చేతిలో పెట్టింది. అత్తమ్మకు చదువు రాదు. అటూ ఇటూ తిప్పి చూసి, "ఫోటో మంచిగ లేదు" అని తిరిగి ఇచ్చేసింది. ముగ్గురం టేకులపల్లి బస్సెక్కాం. ఇల్లెందు దాటకముందే మా ఆడబిడ్డకు నిద్ర పట్టేసింది. నోరు కొంచెం తెరిచి, సంచిని ఒళ్లో పట్టుకుని, ఎన్నో ఏళ్ల నిద్ర ఒక్కసారే వచ్చినట్టు. రోడ్డు గుంతలకు ఆమె తల కిటికీ కడ్డీకి తగులుతోంది. అత్తమ్మ తన అరచేతిని ఆ తలకూ కడ్డీకీ మధ్యన పెట్టింది. కండక్టర్ వచ్చి టికెట్ల కోసం నోరు తెరవబోతే, నేను వేలు పెదవుల మీద పెట్టి డబ్బులు ఇచ్చాను. బయట టేకు చెట్లు వెనక్కి పోతున్నాయి. బస్సు ఎగిరెగిరి పడుతోంది. ప్రతి కుదుపుకూ దెబ్బ అత్తమ్మ చేతికే తగులుతోంది. ఆమె ఆ చెయ్యి తీయలేదు.