డప్పు కాగేలోపు పాట

సౌదీలోని తాయిఫ్‌లో పొద్దు వాలి గాలి చల్లబడే వేళ, నేను మోటార్లూ ఏసీలూ చూసుకునే పెళ్లి మహల్ వెనక పెరట్లో, దఫ్ వాయించే అరబ్బులు బొగ్గుల కుంపటి చుట్టూ చేరి తోలు కాచుకుంటారు. అత్తరు పూసుకుని కార్లు దిగే చుట్టాల వాసనల్ని తోసుకుంటూ, వేడెక్కిన మేకతోలు కమురు వచ్చి ముక్కుకు తగిలిందంటే చాలు, చేతిలోని పానా చేతిలోనే ఉండిపోతుంది. నేను మాత్రం జగిత్యాల దిక్కు మా ఊళ్లో, వరిగడ్డి మంట పక్కన, ముక్కు చీదుకుంటూ నిలబడి ఉంటాను. మంటకు అవతల బక్కయ్య తాత ఉంటాడు.

మా ఊరికి డప్పు కొట్టేది ఆయనే, పాట కట్టేదీ ఆయనే. మొహర్రంలో పీరీల పండుగకు నిప్పుల గుండం రాజుకుని, ఊదు పొగలో పీరీలు లేచి ఊగుతుంటే, రొట్టె చిదిపి బెల్లం కలిపిన మలీద ముద్ద చొక్కా కొసలో మూటగట్టుకుని మేం పిల్లలం చిర్రగోనె ఆట వదిలేసి ఆయన వెంటపడేవాళ్లం. ఇప్పపూల మత్తు వాసన ఊరి మీదికి తేలి వచ్చే ఎండాకాలం పెళ్లిళ్లకు ఆయన, చెరువు నిండి మత్తడి దుంకితే ఆయన, శవం లేస్తే ఆయన. ఆయన చేతి నీళ్లు తాగని ఊరు, ఆయన పాట లేకుండా ఒక్కరినీ కాటికి పంపలేదు.

గడ్డి అంటించి, డప్పును మంటకు చూపిస్తూ తిప్పేవాడు. తిప్పుతూనే ఎదుటివాళ్లను చిన్నచిన్న సంగతులు అడిగేవాడు: పెళ్లిపిల్లకు ఏ కూర ఇష్టం, పోయిన ముసలమ్మ పొద్దున్నే ఎవరిని తిట్టేది. మధ్యమధ్య బొటనవేలితో తోలు మీటి వినేవాడు. మెత్తగా ‘బద్‌’మన్న తోలు ‘కంగు’మనేలోపు పాట తయారు. అక్షరం రాదు, కాగితం లేదు. ఊరక పెదాలు కదిలేవి, అంతే. ఏ ఇంటికి కట్టిన పాట ఆ ఇంటిదే, ఇంకో గడపలో చచ్చినా పాడడు. మేం బతిమాలితే, “ఇచ్చినంక నాదెట్లయితదిరా?” అనేవాడు.

అట్లా మా ఇంటికీ ఒక పాట వచ్చింది. మామిడి వక్కలు కప్పుల మీద ఎండుతున్న రోజులు. మా బాపు లింగయ్యా, ఆయన తమ్ముడు మా చిన్నబాపు మల్లయ్యా కలిసి ఊరి పటేలు బావిలో పూడిక తీస్తుంటే దరి కూలింది. మట్టి తీసేసరికి ఇద్దరూ లేరు. “తాగి దిగిండ్రు, ఇంకెవని తప్పు?” అని పటేలు తేల్చేశాడు. ఊరంతా తల ఊపింది. నన్ను కన్న మా అవ్వను చావు కంటే ఆ మాటే ఎక్కువ కోసింది.

బక్కయ్య మా వాకిట్లో గడ్డి అంటించాడు.

“పొద్దుగాల సద్ది ఏం గట్టినవు, చెల్లె?” అని మా అవ్వను అడిగాడు.

“జొన్న గట్క. ఉల్లిగడ్డ. ఇంత మిరంతొక్కు.”

“మూట ఏడున్నది?”

“గట్టు మీదనే. ఇప్పలే అన్నా, ముడి సుత ఇప్పలే.”

ఇంతలో పటేలు మనిషి వచ్చి, “ఓ బక్కిగా, ఊకె డప్పు కొట్టి సాగదోలు. పాట గీట వద్దన్నడు పటేలు,” అన్నాడు.

“డప్పు కాగనియ్యి దొరా. సల్లటి తోలు ఏం మాట్లాడది,” అన్నాడు బక్కయ్య, తల ఎత్తకుండా.

తోలు కంగుమంది.

గట్టు మీద సద్ది మూట ముడి ఇప్పలే
ఉత్త కడుపుతోని దిగిరి, కల్లెవడు పోసె?
లేవుండ్రి లింగయ్యా, మల్లయ్యా, గట్క సల్లారె!

శవాలు పటేలు ఉండే గడి ముందుకు రాగానే అక్కడ ఆగి, మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. ఆడవాళ్లు గొంతు కలిపారు; సద్ది తినకముందు కల్లు ముట్టే అలవాటు మా బాపు వాళ్లకు లేదని అందరికీ తెలుసు. తల ఊపిన మొగవాళ్లు తల దించుకున్నారు. ఆ పొద్దుతో మా బాపును తాగుబోతని అనే నోరు ఊళ్లో లేకుండా పోయింది. ఆ ఏడు కళ్లంలో బక్కయ్యకు ఊరిచ్చే పాలు గింజ కూడా రానివ్వలేదు పటేలు. బక్కయ్య ఎప్పుడూ ఆ ఊసే ఎత్తలేదు. పొట్లాం కాగితాలతో మొదలుపెట్టి నాకు నేనే చదువు నేర్చుకుని, తర్వాత ఎన్ని పుస్తకాలు తిరగేశానో గానీ, ఒక రుజువును అంత చిన్న మూటలో కట్టినవాణ్ణి ఇంకొకణ్ణి చూడలేదు.

బ్యాండుమేళాలు వచ్చాక ఆయనను పిలిచేవాళ్లు తగ్గారు. చూపు పోయింది. ఆయన పోయినప్పుడు నేను ఇక్కడే, తాయిఫ్‌లోనే ఉన్నాను. డీజే డబ్బా పెట్టి సాగనంపారట. ఊరందరికీ పాట కట్టినవాడికి పాట కట్టేవాడు లేడు.

మొన్న శుక్రవారం, జుమ్మా రోజు, మా గదిలో ఉండే రాజన్న అన్నం తింటూ ఫోన్‌లో పాట పెట్టాడు. డీజే దరువు. ‘గట్టు మీద సద్ది మూట ముడి ఇప్పవా బావా’ అంటూ ఒక పిల్ల నడుం తిప్పుతోంది. మా బాపు పేరు లేదు, చిన్నబాపు పేరు లేదు. కింద ‘జానపదం’ అని ఉంది, కట్టిందెవరో లేదు.

“బంద్ చెయ్యి రాజన్నా. అది మా బాపు శవం మీది పాట.”

“ఏహె, జానపదం గదనే కాకా! దీనికి కట్టినోడు ఉంటడా?”

“లేకుంటే మొగులు మీదికెల్లి పడ్డదా? జనమంతా చావడిల కూసోని కట్టిండ్రా?”

రాజన్న నవ్వబోయి, నా ముఖం చూసి ఆపేశాడు. “మరి అసలుది ఎట్లుండెనో పాడరాదు?” అన్నాడు.

సాయంత్రం పెరట్లోకి వెంట తీసుకుపోయాను. రోజూ కుంపటి దగ్గర నిలబడి చూస్తానని ఎరిగిన ముసలి దఫ్ వాద్యగాడు, “తాల్, యా అమ్మీ” అని, అంటే ‘రా బాబాయ్’ అని, పక్కన చోటిచ్చి, తన దఫ్ నా చేతిలో పెట్టాడు. నిప్పుల మీద తిప్పాను. మీటాను. ఇంకా కాగలేదు. బక్కయ్య ఉంటే ఏం అడిగేవాడు? చిన్న సంగతే అడిగేవాడు. ఊరందరి సద్ది గురించి అడిగినవాడు తాను ఏం తిన్నాడని ఎవరైనా అడిగారా? తోలు కంగుమంది. మా ఇంటి పాట మొత్తం పాడి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక చరణం నేను కట్టాను:

పాటలన్ని పంచి తాను పాట లేక పాయె
లేవుండ్రి లింగయ్యా, మల్లయ్యా
బక్కయ్య సద్ది దిన్నడో లేదో అడుగుండ్రి!

అరబ్బులకు మాట తెలియకపోయినా చేతులు దరువందుకున్నాయి. రాజన్న కళ్లు తుడుచుకుని, “ఇంటిపేరేంది కాకా, బక్కయ్యది?” అన్నాడు.

నాకు తెలియదు. ఊళ్లో అడుగుదామంటే, తెలిసినవాళ్లు లేరు. ఉన్నప్పుడు ఎవరూ అడగలేదు. ఆ బావి పూడ్చేశారు, గట్టు దున్నేశారు, వాకిట్లో గడ్డి మంట వేసేవాడూ లేడు. లోపల చుట్టాలు వచ్చేశారని పిలుపు వచ్చింది. తోలు చల్లబడకముందే దఫ్ తిరిగి ఇచ్చేశాను.